వియ్యాలవారి సూపర్ హిట్స్

మామూలుగా గాయకులు ముందు కొన్ని ఆల్బమ్‌లు చేస్తారు. అవి జనంలోకి వెళ్ళాక వాటిలోంచి బాగా ఆడిన పాటలు ఏరి, "సూపర్ హిట్స్" అని ఇంకోటి వేస్తారు. మా మేనత్త ఆ మొదటి భాగమంతా అనవసరమనుకుంది. నేరుగా సూపర్ హిట్స్‌తోనే రంగప్రవేశం చేసింది. అప్పటికే ఆవిడకి అరవై దాటాయి కాబట్టి, అడ్డదారిని తప్పుపట్టడానికి లేదు.

అత్త మా నాన్నకి అప్ప, అంటే అక్క. నాతవరం దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. కాస్త వరి, రెండు గేదెలు, ఒక మోకాలి నొప్పి ఆవిడకున్నవి. పాడేది ఒకటే రకం పాట. పెళ్ళిలో మగపెళ్ళివారు బంతిలో కూర్చుని, ఆకులో అన్నం పడగానే, ఆడపెళ్ళివారి తరఫున వాళ్ళ ఎదురుగా నిలబడి వాళ్ళని తిట్టడం. వియ్యంకుడి పొట్ట, వియ్యపురాలి నడక, తోడల్లుడి అప్పడాల మీద మమకారం, ఏదైనా సరే. మా వైపు అది తిట్టు కాదు, మర్యాద. ఆ పాట పడకపోతే మగపెళ్ళివారు చిన్నబుచ్చుకుంటారు. "అన్నం పెట్టేరు గానీ, మనుసుల్లో లెక్కెయ్యలేదు" అని ఇంటికెళ్ళాక ఏడాదిపాటు అనుకుంటారు.

ఈ మర్యాద చెయ్యడంలో మా అత్తని మించినవాళ్ళు చుట్టుపక్కల మండలాల్లో లేరు. బంధుత్వం లేనివాళ్ళు కూడా ఆవిడ కోసం ఆటో పంపించేవారు. పిలుపు రాగానే ఆవిడ మొదట అడిగేది ముహూర్తం కాదు, పెళ్ళికొడుకు తండ్రి గురించి. "పెల్లికొడుకు బాబు ఎలగుంటాడు? గురకెడతాడా? దేనికి బయపడతాడు?" సంబంధం కుదిర్చేముందు ఆడపిల్ల తండ్రి కూడా అన్ని వివరాలు కనుక్కోడు. ఆ వివరాలన్నీ బుర్రలో వేసుకుని వెళ్ళి, బంతి ముందు నిలబడి, అక్కడికక్కడ పాట కట్టేసేది. ఆవిడ పాడుతుంటే నవ్వు ఆపుకోలేక మింగిన ముద్ద ముక్కులోకి పోయిన వియ్యంకులున్నారు. వాళ్ళని అత్త తన పెద్ద విజయాలుగా గుర్తుపెట్టుకుంటుంది.

ఇంతలో బఫేలు వచ్చాయి.

నర్సీపట్నంలో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళికి అత్తని పిలిచారు. ఆవిడ ఎప్పటిలాగే పూర్తి సమాచారంతో వెళ్ళింది. తీరా చూస్తే కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. అందరూ ప్లేట్లు పట్టుకుని తిరుగుతున్నారు. పైగా డీజే. ఆవిడ గొంతు విప్పినట్టు పక్కనున్నవాళ్ళకి కూడా తెలియలేదు. మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు కింద పెట్టి, సమస్యని ఎంతో శాస్త్రీయంగా వివరించింది.

"నడిసే మనిసిని ఎలగ తిడతావురా అల్లుడూ? పల్లవి అయ్యేసరికి గోబీ కాడున్నాడు. సరణం ఎత్తేసరికి ఐస్‌క్రీమ్ కాడికెల్లిపోనాడు. ఎనకమాల తిరిగి తిట్టమంటావా? నాకు మోకాలొకటి."

"మరేం చేశావు అత్తా?"

"డీజే ఆయన్నడిగేను. నాకో రెండు నిమిసాలు మైకివ్వు బాబూ అని. మీ పాటలు పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఇవ్వండమ్మా, ఏస్తాను అన్నాడు."

"ఉన్నాయా?"

"నీకాడ ల్యాప్‌టాప్ ఉంది కదా" అంది అత్త. ఆవిడ దృష్టిలో పని అక్కడికి సగం అయిపోయినట్టే.

నేను నర్సీపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. మా కుటుంబంలో ల్యాప్‌టాప్ ఉన్నవాడు ఇంజనీరు కిందే లెక్క. టీవీ రిమోట్ పనిచెయ్యకపోయినా, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుపడినా నన్నే పిలుస్తారు. కాబట్టి సంగీత రంగానికి కూడా పిలుపొచ్చినందుకు నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

పాటలు రికార్డింగ్ చేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. ఎదురుగా తిట్టించుకునే మనిషి లేకుండా పాడటం ఆవిడకి గోడతో మాట్లాడటం లాంటిది. ఒకసారి ప్రయత్నించాం. నన్నే వియ్యంకుడనుకోమన్నాను. నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, "నీలో తిట్టడానికేటీ నేదురా" అంది. బాధపడాలో సంతోషించాలో తెలియని మాట అది. ఇంకో రోజు ఆలోచిద్దామనుకుని వదిలేశాను.

ఇక మిగిలింది పాత పెళ్ళి వీడియోలు. నా స్నేహితుడొకడికి పట్నంలో స్టూడియో ఉంది. వాళ్ళ నాన్న వీడియో క్యాసెట్ల కాలం నుంచీ ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ తీశాడు. వీడు కూడా అదే పనిలో ఉన్నాడు. వాటిలో అత్త పాడిన పెళ్ళిళ్ళన్నీ బయటికి తీయించాను.

"ఒకటి అడగనా గురూ" అన్నాడు వాడు, స్క్రీన్ వైపు చూస్తూ. "ఇందులో విడిపోయిన జంటలున్నాయి. ఆళ్ళ పెళ్ళి పాటలు వెయ్యొచ్చా?"

"పాట ఎలా ఉంది?"

"కాపురం కంటే చాలా బాగుంది."

"వేసెయ్."

ఎంపికలో అత్తది కఠినమైన పద్ధతి. పాటని వినేది కాదు, వీడియోలో తినేవాళ్ళని చూసేది. వియ్యంకుడు ముద్ద మధ్యలో ఆపితే పాట పాస్. నవ్వుతూనే తింటూ ఉంటే ఫెయిల్. మా కాలేజీలో కూడా ఇంత స్పష్టమైన మూల్యాంకనం లేదు. కవర్ పేజీకి ఫ్లెక్సీలు కొట్టే షాపువాళ్ళు అత్త ఫోటో చుట్టూ గులాబీలు, వెనకాల సూర్యకిరణాలు, చేతిలో ఆవిడ ఎప్పుడూ పట్టుకోని ఒక మైకు పెట్టారు. మొహం కూడా తెల్లగా చేశారు. అత్త చూసి, "బాగుంది, ఎవరీవిడ?" అంది. రంగు వెనక్కి మార్పించాం. మైకు మాత్రం ఉంచమంది.

ఒక్కచోటే కత్తెర పడింది. అసలు సంగతంతా అక్కడే ఉంది కాబట్టి కాస్త వివరించాలి.

వియ్యాలవారి పాట ఒకవైపు నుంచి వచ్చి ఆగిపోదు. ఇటు తిట్టగానే మగపెళ్ళివారి ఆడవాళ్ళలో ఒకావిడ, ఎంగిలి చేత్తోనే, అదే వరసలో జవాబు కడుతుంది. ఇంటి మీదో, వంట మీదో, తిట్టినావిడ మీదో. అప్పుడు లెక్క సరిపోయి అందరూ కలిసి నవ్వుకుని పెరుగన్నం తింటారు. అయితే వీడియోల్లో మైకు ఎప్పుడూ మావాళ్ళ వైపే ఉండేది. అవతలివాళ్ళ జవాబు దూరంగా, బకెట్ల చప్పుడులో కలిసిపోయి వినిపించేది.

"ఇయ్యన్నీ కోసెయ్యి" అంది అత్త. "నా ఆల్బమ్‌లో ఆల్లెవరు?"

సాంకేతికంగా నాకూ అది సబబుగానే తోచింది. అది పాటకంటే ఎక్కువగా గరిటెల మోత. వరసగా కోసుకుంటూ వెళ్ళాం. ఒక పాట దగ్గర మాత్రం, జవాబు ఇంకా మొదలవకముందే, అత్త నా భుజం తట్టింది.

"ఇక్కడ కొయ్యి."

"ఇంకా ఏదో ఉంది అత్తా."

"ఉంటే ఉంది. కొయ్యమన్నానా?"

కోసేలోపు కొంచెం వినిపించింది. మాటలు అర్థం కాలేదు గానీ, ఆ తరవాత నవ్వు మాత్రం వినిపించింది. అత్త పాటకొచ్చిన నవ్వుకంటే పొడుగ్గా ఉంది.

ఆ పాట ఆల్బమ్‌కి మకుటం. రోలుగుంట వైపు ఒక పెద్దమనిషి కొడుకు పెళ్ళిలో పాడింది. ఆయనకి మీసమంటే ప్రాణం. అత్త పాట ఇలా సాగుతుంది:

*మీసమెంత పొడుగమ్మా మా వియ్యంకుడిది*
*ముద్ద నోటికెల్లేలోగా మీసమొచ్చి అందుకుంది*
*వడ్డించే బావల్లారా వరస తప్పకండమ్మా*
*మీసానికి ముందెయ్యండి, మావగారికి తరవాత*

పెన్‌డ్రైవ్‌ని మొదట నర్సీపట్నం–నాతవరం మధ్య షేర్ ఆటో నడిపే మా దూరపు బంధువుకి ఇచ్చాం. ఆల్బమ్ విడుదల సభ అంటే అదే. అక్కడి నుంచి ఏం జరిగిందో నేను పూర్తిగా చెప్పలేను. పాట ఒక ఆటోలోంచి ఇంకో ఆటోలోకి, ఫోన్లోంచి ఫోన్లోకి పోయింది. వియ్యంకుడిని పూర్తిగా తిట్టేదాకా ఆటో దిగని ఆడవాళ్ళున్నారని మా బంధువు ఫిర్యాదు చేశాడు. మా కాలేజీలో స్టాఫ్ రూమ్‌లో ఎవరో మీసం పాట కూనిరాగం తీస్తుంటే విన్నాను. ఫంక్షన్ హాల్ డీజే కూడా వేశాడట. అత్తకి మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి. ఆవిడ ఎక్కడా పొంగిపోలేదు. "ఆలస్యమైనాది గానీ, జనానికి తెలివొచ్చింది" అంది.

అదే సమయంలో మా చెల్లి పెళ్ళి కుదిరింది. సంబంధం రోలుగుంట వైపుది. పెళ్ళికొడుక్కి పెదనాన్న, ఇంకెవరో కాదు, ఆ మీసాలాయన.

ఈ విషయం సంబంధం కుదిరేముందు మాకు తెలియదా అంటే తెలుసు. ఎవరూ దాన్ని సమస్య అనుకోలేదు. అత్తయితే దీన్ని అదృష్టమనుకుంది. సొంత మేనకోడలి పెళ్ళి, ఇంతకుముందు ఒకసారి తిట్టి అలవాటైన కుటుంబం, సమాచారమంతా చేతిలో ఉంది. తన జీవితంలో పాడబోయే పెద్ద బంతి ఇదేనని చెప్పి, గొంతు కోసం మజ్జిగ తాగడం కూడా మానేసింది.

ఒక ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చారు. మీసం కొంచెం కత్తిరించి ఉంది. అది చూడగానే మా నాన్న కుర్చీలో సర్దుకున్నారు. ఆయన కాఫీ తాగారు, బాగుందన్నారు, వర్షాల గురించి మాట్లాడారు. ఆ తరవాత తువ్వాలుతో మూతి ఒత్తుకుని అన్నారు:

"బావగారూ, ఒక సిన్న మాట. బోజనాలు బఫే పెట్టించీండి."

"అదేంటండీ" అన్నారు నాన్న. "మా అప్ప ఒప్పుకోదు. బంతే."

"మీరు బంతేసుకోండి. మావోల్లు కూకోరు. మేం నిలబడి నాలుగు మెతుకులు తినేసి ఎల్లిపోతాం." ఆయన గొంతు పెంచలేదు. అదే ఇబ్బంది. "ఆటో ఎక్కితే మీసం. మంగలి కాడికెల్తే మీసం. ఆడు కత్తి పట్టుకుని పాడతన్నాడు బావగారూ, నాను మెడొంచుకుని కూకోవాల."

"పెళ్ళిలో పాడిందే కదండీ" అన్నాను నేను. "ఆ రోజు మీరూ నవ్వారు."

ఆయన నావైపు తిరిగారు. "నవ్వేను బాబూ. నా ఇంటిది జవాబు సెప్పింది కాబట్టి నవ్వేను. మీ పెన్‌డ్రైవ్‌లో నా మీసముంది. మా ఆవిడ జవాబేది? తిట్టించుకుని నోరుమూసుకుని తినొచ్చేమని ఊరంతా అనుకుంటంది. మల్లీ అదే మనిసి ముందు కూకోమంటే, నానేగాదు, మావోల్లెవరూ కూకోరు."

అని, కోపంగా కూడా కాకుండా, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

నేను నాన్నని అడిగాను, ఆ జవాబేమిటని. ఆయన ముందు తలుపు వైపు చూశారు, అత్త లేదని తెలిసినా సరే. "ఆ పెళ్ళికి వంటలు మీ అత్తే దగ్గరుండి చేయించింది" అన్నారు. "జనం ఎక్కువొచ్చేరని పప్పుచారులో నీళ్ళు పోయించింది. ఆయన భార్య సరిగ్గా అది పట్టుకుంది. తాండవ రిజర్వాయరు గేట్లెత్తేసి గుండిగలో కలిపేరని పాడింది. మీ అత్త ఎదురు చెప్పలేకపోయింది. అదొక్కసారే. ఆ తరవాత వాళ్ళ ఊళ్ళో పల్చగా ఉన్న చారుని తాండవ అనేవారు. ఇప్పటికీ కొంతమంది అంటారు."

ఎందుకు కొయ్యమందో అప్పుడు తెలిసింది.

అత్తకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఇక్కడ రెండు మార్గాలున్నాయన్నాను. ఒకటి, పాట తీసేసి క్షమాపణ అడగడం. రెండు, బఫే.

"బఫే అన్న మాట మల్లీ నాకాడ అనకు" అంది అత్త. తరవాత అంది: "ఆ పిల్లని నా సేతుల మీద పెంచేను. దాని పెల్లిలో బంతి నేకపోతే నానెందుకు? బండట్టుకుని రా. బేగి."

నాతవరం వెళ్ళి అత్తని ఎక్కించుకుని, మళ్ళీ నర్సీపట్నం మీదుగా రోలుగుంట దారి పట్టాను. చెరుకు లారీ వెనకాల ఇరుక్కుని నెమ్మదిగా వెళుతుంటే, పక్క నుంచి ఒక షేర్ ఆటో దాటింది. అందులోంచి అత్త గొంతు, ఊరంత సౌండులో, మీసానికి ముందు వడ్డించమంటోంది. ఆటో వెనక సీట్లో ఆడవాళ్ళు నవ్వుతున్నారు. తన పాట వినిపిస్తే ఆగి, ఇది నాదే అని చెప్పే అలవాటు అత్తకుంది. ఆ రోజు కొంగు నెత్తిమీదకి లాక్కుని జీడితోటల వైపు చూస్తూ కూర్చుంది.

"ఏం చెబుతావు అత్తా అక్కడికెళ్ళి?" అన్నాను.

"ఎల్లేక సూద్దాం. నువ్వు మాత్రం నోరిప్పకు. సదువుకున్నోల్లు మాటాడితే తగువు పెద్దదవుద్ది."

అనుభవం మీద చెప్పిన మాట కాబట్టి ఒప్పుకున్నాను.

వాళ్ళింటి అరుగు మీద మీసాలాయన భార్య చింతపండు గింజలు తీస్తోంది. అత్త వయసే. ఆయన లోపల గుమ్మం దగ్గర కుర్చీలో పేపరు చదువుతున్నారు. మమ్మల్ని చూడగానే పేపరు ఇంకొంచెం పైకెత్తారు.

ఆవిడ లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. రమ్మంది, కూర్చోమంది. తరవాత చింతపండు దగ్గరికి వెళ్ళిపోయింది. తగువులో కూడా నీళ్ళు ఆపరు మా వైపు. నీళ్ళ తరవాత మాట్లాడరు, అంతే.

అత్త గ్లాసు పక్కన పెట్టి, మోకాలు చాపుకుని కూర్చుని, తనూ ఒక గుప్పెడు చింతపండు ముందుకు లాక్కుని గింజలు తియ్యడం మొదలుపెట్టింది. కాసేపు ఇద్దరూ పని చేసుకున్నారు. బయటివాళ్ళు చూస్తే కూలికొచ్చిందనుకునేవారు.

"పాట బాగుందంట కదా వదినా" అంది ఆవిడ, తలెత్తకుండా. "అందరూ ఇంటన్నారు."

"సగమే బాగుంది" అంది అత్త.

"మిగతా సగమేటైంది?"

"కోయించేను."

పేపరు ఒక్కసారి కదిలింది. నేను నోరు విప్పకూడదు కాబట్టి గోడమీద క్యాలెండర్ చూస్తున్నాను.

"ఎందుకు కోయించేవు?"

"నా పాటకంటే బాగుంది గనక" అంది అత్త. ఆ మాట అనేటప్పుడు కూడా ఆవిడ గొంతులో తగ్గింపేమీ లేదు. ఒక పెద్ద గాయని ఇంకొకరికి మార్కులు వేస్తున్నట్టే ఉంది. "నా జన్మకి నన్ను నోరుమూయించింది అదొక్కటే. దాన్ని పట్టుకెల్లి ఆటోల్లో ఎలగ ఏయించుకుంటాను వదినా? నువ్వైతే ఏయించుకుంటావా?"

ఆవిడ ఆలోచించింది. "ఏయించుకోను" అంది, నిజాయితీగా. "అయినా ఇప్పుడు నానడిగినా ఏటి లాబం? అదెప్పుడో మర్సిపోయేను. ఆ పూట నోటికొచ్చింది, అన్నీసేను."

"నాను మర్సిపోనేదు" అంది అత్త.

అని, చింతపండు చేతులతోనే, ఆ అరుగు మీద కూర్చుని పాట ఎత్తుకుంది. తన పాట కాదు. తనని తిట్టిన పాట.

*మీసానికి దోసమేటి, మీ పప్పుచారు సూడొదినా*
*పప్పు ఎక్కడున్నాదో, పట్టుకోను వలేదొదినా*

ఎదురింటి గుమ్మంలోకి ఒకావిడ వచ్చింది. వీధి పంపు దగ్గర బిందె నింపుకుంటున్నవాళ్ళు ఆగారు. అత్త వాళ్ళందరికీ వినపడేలాగే పాడింది. ఇన్నేళ్ళూ ఈ పాట ఆవిడకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఎన్నిసార్లు లోపల పాడుకుని ఉంటుందో నేను అడగలేదు, అడగను కూడా. రెండో చరణం అయ్యాక ఆగి, నుదురు రుద్దుకుంది.

"ఆ తరవాతేటో రాట్లేదు వదినా."

నేను అత్తని పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. పాటలో మాట మర్చిపోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. కానీ సగంలో ఆగిన పాటని అలాగే గాలిలో వదిలేసి కూర్చోవడం కూడా మా వైపు ఆడవాళ్ళవల్ల అయ్యే పని కాదు. మీసాలాయన భార్య చింతపండు పక్కకి నెట్టింది. మొదట సన్నగా, తరవాత గట్టిగా అందుకుంది:

*తాండవ గేట్లెత్తేసి గుండిగలో కలిపేరా*
*ఈతరాని వోల్లమమ్మా, ఒడ్డునెయ్యండొదినా*

బిందెల దగ్గర పెద్ద నవ్వు. "మర్సిపోయేనన్నావు!" అని ఎవరో అరిచారు. "ఇదే తొలిసారి ఇంటన్నట్టు నవ్వుతారేటే" అని ఆవిడ కసిరింది గానీ, మొహం వేరేగా ఉంది. అత్త నా కాలు గిల్లింది. అప్పటికే ఫోన్లో రికార్డింగ్ నడుస్తోందని సైగ చేశాను. కామర్స్ చదివినందుకు ఆ మాత్రం ముందుచూపు ఉంది.

"ఇప్పుడు రెండూ కలిపి ఏయిస్తాను" అంది అత్త. "నాది ముందు, నీది ఎనక. మిగతా పెల్లిల్లయ్యి కూడా, ఎవరి జవాబు ఆల్లకి పెట్టించేస్తాను. గరిటెల సప్పుడొస్తే రానీ. ఇంక బంతి సంగతి సెప్పు."

ఆవిడ గుమ్మం వైపు చూసింది. "ఆయన బఫే అన్నారు కదా."

"అన్నాను" అన్నారు పేపరు వెనక నుంచి. "మాటంటే మాటే."

"మీరు బఫేలోనే తినండి" అంది ఆవిడ. "గోబీ కాడ నిలబడండి, ఎవలొద్దన్నారు? నాను మాత్రం బంతిలో కూకుంటాను. నాకక్కడ పనుంది. ఈవిడేటో తిడద్ది, జవాబు సెప్పొద్దా? నడుసుకుంటా ఎలగ సెప్తాను?"

పేపరు కిందికి దిగింది. కత్తిరించిన మీసం కింద ఆయన పెదాలు బిగించుకుని ఉన్నారు. బిగింపు కోపానిది కాదని అరుగు మీదున్న అందరికీ తెలిసిపోయింది.

"బాబూ" అన్నారు నాతో. "బంతి ఎన్ని గంటలకి?"

కొత్త పెన్‌డ్రైవ్ మీద స్నేహితుడికీ నాకూ చాలా చర్చ జరిగింది. "సౌండ్ క్వాలిటీ పోద్ది గురూ. సగం పాటల్లో ఒకావిడ బావిలోంచి పాడతన్నట్టుంది, మధ్యలో బకెట్ పడింది" అన్నాడు. బకెట్‌తో సహా వెయ్యమన్నాను. మీసం పాట మాత్రం రోలుగుంట అరుగు మీది రికార్డింగ్‌తో పూర్తయింది. వెనకాల బిందెలు వినిపిస్తాయి. ఇది ఇంతకుముందు దానికంటే బాగా తిరిగింది. ఆయన మంగలి ఇప్పుడు రెండు వైపులా పాడుతున్నాడట. వాడి పాట ముగిసేదాకా ఆయన కుర్చీలోంచి లేవడం లేదట. మంగలి చెప్పిన మాట కాబట్టి కొంత తగ్గించి నమ్మాలి.

పెళ్ళి నర్సీపట్నం ఫంక్షన్ హాల్లోనే. బంతి అంటే హాలువాళ్ళు కంగారుపడ్డారు. "వడ్డనకి మా దగ్గర మనుషుల్లేరండీ, బఫే అయితే ఎవరిదివారు వేసుకుంటారు" అన్నారు. మనుషులు మావాళ్ళే ఉన్నారని చెప్పాం. కుర్రకారంతా ప్యాంట్లు మడిచి దిగాం. పెళ్ళికూతురి అన్నని కాబట్టి నాకు అన్నం బకెట్ ఇచ్చారు. అది ఒక గౌరవం. బరువైన గౌరవం.

మగపెళ్ళివారు వచ్చి కూర్చున్నారు. మీసాలాయన అందరికంటే ముందు వచ్చి, మొదటి ఆకు దగ్గర, సరిగ్గా మధ్యలోకి జరిగి కూర్చున్నారు. పక్కన ఆయన భార్య. ఆకులు కడిగారు, కూరలు పడ్డాయి, నేను అన్నం వడ్డించుకుంటూ పోయాను. ఎవరూ ముద్ద కలపలేదు. బంతి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అందరూ ఎదురుగా నిలబడ్డ అత్త వైపే చూస్తున్నారు. ఆవిడ తాపీగా కొంగు దోపుకుంది. మంచినీళ్ళు అడిగి తాగింది. బంతినంతా ఒకసారి చూసింది, సంతలో ఎద్దుల్ని చూసినట్టు.

"ఏటి సెల్లమ్మా" అన్నారు మీసాలాయన. "అన్నం సల్లారిపోతంది. తిట్టవేటి?"

"ఉండండి అన్నయ్యగారూ. ఎవరికాడ మొదలెట్టాలో తెలీకుండా ఉన్నారు, అందరూ ఒకలాగే ఉన్నారు."

బంతి అంతా ఘొల్లుమంది. పాట ఇంకా మొదలే కాలేదు. అత్త గొంతు సవరించుకుని ఎత్తుకుంది. ఎదురుగా మీసాలాయన భార్య ఆకు కొంచెం ముందుకి జరిపి, గాజులు మోచేతిదాకా తోసుకుని, తన వంతు కోసం చూస్తోంది.